ముసుగు తియ్యని స్తూపం

సిద్దిపేట పార్కులో వీరజవాన్ల స్తూపానికి నీలం పరదా చుట్టి పదకొండు నెలలైంది. ఎండకు పరదా రంగు వెలిసింది. వానకు తాళ్ల ముడులు బిగుసుకుపోయాయి. పొద్దున నడకకొచ్చేవాళ్లు దాని గద్దె మీద కాలు పెట్టి బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. భూపతి ఇవన్నీ చూశాడు, ఎవరినీ ఏమీ అనలేదు. అనే మనిషే అయితే, ఈ పదకొండు నెలల్లో ఆరుసార్లు బస్సెక్కి వచ్చి ఉత్తచేతులతో పోయినందుకే అనాల్సింది.

ఈసారి భార్య సాయవ్వ కూడా వెంట వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఆ రోజు పెత్రమాస, పోయినవాళ్లకు అన్నం పెట్టే రోజు. మిరుదొడ్డి దగ్గర వాళ్ల ఊళ్లో అందరూ తమ తమ వాళ్ల సమాధుల దగ్గరికి పోతారు. ఈ ఇద్దరికీ పోవడానికి జాగ లేదు. కొడుకు కర్ణాకర్ మంచుకొండల్లో కాపలా ఉండగా మంచుచరియ విరిగి మీద పడింది. మనిషి దొరకలేదు. నాలుగేళ్లుగా సాయవ్వ గోడమీది ఫోటో ముందు విస్తరి పెడుతోంది, పెట్టిన ప్రతిసారీ "గోడకు పెడుతున్న" అని ఏడుస్తోంది. కొడుకు పేరు చెక్కిన రాయి పార్కులో పెడతారని తెలిసినప్పటి నుంచి ఆమెది ఒకటే మాట: ఆ రాయి ముందు ఒక్క విస్తరి పెట్టాలి.

వాచ్‌మన్ పర్శరాములు చీపురుతో అడ్డం వచ్చాడు.

"అవ్వా, గద్దె మీద ఏం పెట్టద్దు. ఇంక ఓపెనింగ్ కాలె."

"నా కొడుక్కు అన్నం పెట్టెతందుకు ఓపెనింగేంది బిడ్డా?"

"నాకేమెర్క? ఆ ముసుగు తీస్తె నా నౌకరి తీస్తరు."

స్తూపం కమిటీ సెక్రటరీ ప్రభాకర్ అప్పుడే నడక ముగించి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. భూపతిని చూసి మొహం తిప్పుకోబోయి, పక్కన సాయవ్వ కనబడేసరికి ఆగాడు.

"ఏం పెద్దాయినా, మల్ల వచ్చినవా?"

"బతుకమ్మకు ముందే అయితదంటిరి గద సారూ."

"అన్న, నిజమే. గని ఫలకం కావాలె గదా! మొదటిదాంట్ల ఒక సారు పేరు మర్సిపోయినం, ఆయిన అలిగిండు. రెండోదాంట్ల ఆయిన పేరు పెడితే, నా పేరు కిందికెట్ల పోయిందని ఇంకో సారు అలిగిండు. మూడోది చెక్కిచ్చేవరకు ఇద్దరి పదవులు మారె. ఇప్పుడు నాలుగోది నడుస్తుంది. నన్నేం జేయమంటవ్?"

"ఎన్ని పేర్లున్నయి సారూ?"

"పందొమ్మిది."

"పాణం పోయినోళ్లు నలుగురే గద?"

"గది వాళ్ల రాయి కాదయ్యా! ఓపెనింగ్ చేసెటోళ్లది." ప్రభాకర్‌కు విసుగొచ్చింది. "వాళ్ల రాయి ఎప్పుడో వచ్చింది, ఈడనే ఉంది. ముందుగాల పెద్దోళ్లది బిగియ్యాలె, తర్వాతనే గది."

భూపతి తలెత్తాడు. ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ రాయి చెక్కుతున్నారనే చెప్పారు. ఏ రాయో వాళ్లు చెప్పలేదు, తనూ అడగలేదు. పెగలని తన నోటి మీద తనకే మంట పుట్టింది.

"ఈడనే అంటె యాడ?"

ప్రభాకర్ ఫోను మోగింది. "నమస్తే అన్నా, మీ పేరు పైననే అన్నా, నా మాట నమ్మండ్రి" అంటూ అతను గేటు వైపు నడిచాడు.

"ఏమయ్యో, గట్లనే నిలవడ్తవా?" సాయవ్వ కసిరింది. "అన్నం సల్లగైతుంది. వాడు సల్లటిది ముట్టకపోతుండె."

పర్శరాములు చీపురు చెట్టుకు ఆనించాడు. "మోటరు రూముల ఉంది. నేను చెప్పిన్నని అనద్దు."

మోటరు గదిలో నేలంతా తడి. పైపుల చుట్టలు, ఎరువు సంచులు. ఆ సంచుల కింద నల్లరాయి బోర్లా పడి ఉంది. భూపతి ఒక్కొక్క సంచీ లాగి పక్కన పడేశాడు. ఆలుమగలిద్దరూ మూలనున్న గడ్డపారతో రాయిని లేపి గోడకు ఆనించారు. భూపతి కండువాతో తుడిచాడు. నాలుగు పేర్లు. మూడోది కర్ణాకర్‌ది.

సాయవ్వకు చదువు రాదు. "ఏదయ్యా?" అంది. భూపతి ఆమె చెయ్యి పట్టి అక్షరాల మీద పెట్టాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా వేలితో తడిమింది. సందుల్లో మట్టి తగిలింది. కొంగు తడిపి ఆ మట్టంతా తీసింది. మిగతా మూడు పేర్లూ తుడిచింది. విస్తరి పరిచి అన్నం, బచ్చలికూర, గారెలు పెట్టింది.

"తిను కొడుకా." ఇంకో మూడు గారెలు తీసి వరసగా పెట్టింది. "వీళ్ల అవ్వలు యాడున్నరో."

గుమ్మంలో ప్రభాకర్ ప్రత్యక్షమయ్యాడు. "అయ్యయ్యో! మోటరు రూముల పెత్రమాసేంది? సరే గని పెద్దాయినా, ఇప్పుడే ఫోనొచ్చింది. దీపావళి దాటినంక ఓపెనింగ్ పక్కా. మీ ఆలుమగలు ముందు కుర్చీలల్ల కూసోవాలె. శాలువా కప్పుతరు."

"మాదైపోయింది సారూ," అన్నాడు భూపతి. "పందొమ్మిది మంది ఉన్నరు గద, వాళ్లకే కప్పుండ్రి."

"గట్లంటె ఎట్ల? ఫోటోల మీరుండాలె..."

సాయవ్వ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది.

"జెర పక్కకు జరుగు సారూ, ఎల్తురు వస్తలేదు. నా కొడుకు తింటుండు."