నేను నవ్వని నవ్వు

పెళ్లయిన కొత్తలో అన్నీ ముద్దొస్తాయి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని నిలబడితే ముద్దొచ్చింది. మా ఆయన చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని క్లినిక్‌కి బయల్దేరితే, గుమ్మం దగ్గర ఆపి సరిచేయడం ముద్దొచ్చింది. నా పై వరసలో ఎడమవైపు కోరపన్ను పక్కపంటి మీదికెక్కి కూర్చుంటుంది. నేను నవ్వానంటే ముందు అదే బయటికొస్తుంది. దాన్ని చూసి ఆయన "కోరపిల్లా" అని పిలిస్తే, అది ఇంకా ముద్దొచ్చింది. పళ్ల వరస సరిచేసే డాక్టరు, పన్ను మీద పన్నున్న పిల్లను ఏరికోరి చేసుకున్నాడంటే అది ప్రేమ కాక మరేమిటని, కాలేజీ స్నేహితురాళ్లకు ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను.

ఇప్పుడా ఫోన్లన్నీ వెనక్కి తీసుకోవాలనుంది.

క్లినిక్ నిజానికి మా మామయ్యది. ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ తీగల డాక్టరనే అంటారు. ఆయన కాలంలో ఒక్కో పంటికీ ఉంగరంలా స్టీలు పట్టీ తొడిగి, సిమెంటుతో అతికించి, వాటి గుండా తీగ పోనిచ్చేవారట. ఆ తీగను పట్టకారుతో ఆయనే వంచేవారు. నోటి అచ్చు కోసం ముద్ద కుక్కితే పిల్లలు ఓక్కుమనేవాళ్లు. పళ్లకు చోటు చాలకపోతే కోరపళ్ల వెనకవి నాలుగు పీకి చోటు చేయడం అప్పటి శాస్త్రం. తర్వాత పట్టీలు పోయి పంటికి అతికించే చిన్న బిళ్లలు వచ్చాయి. మా ఆయన చేతికొచ్చేసరికి అవీ పాతబడ్డాయి. ఈయన లావుపాటి పెన్నులాంటి కెమెరాను నోట్లో తిప్పుతాడు. తెరమీద పళ్లు ప్రత్యక్షమవుతాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో వాటికి సరిపడా గాజులాంటి ప్లాస్టిక్ తొడుగులు తయారై డబ్బాలో వస్తాయి. ఒకటి తీసి ఇంకోటి పెట్టుకుంటూ పేషెంటు ఇంట్లోనే పళ్లు జరుపుకుంటాడు. మా ఆయన పట్టకారు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. మౌసు పట్టుకోగా మాత్రం రోజూ చూస్తున్నాను.

తండ్రీకొడుకులకు భోజనాల దగ్గర ఇదే గొడవ. నోట్లో వేలు పెట్టకుండా వైద్యం చేసేవాణ్ని వీణ్నే చూశానని మామయ్య అంటారు. మీ చేతిలో పడ్డ పళ్లలో ఎన్ని బతికి బయటపడ్డాయో చెప్పండని ఈయన అంటాడు. నాకది సర్కస్ చూసినంత సరదాగా ఉండేది. ఎవరి మాట నెగ్గుతుందా అని మనసులో పందెం కూడా కాసుకునేదాన్ని.

కొన్నాళ్ల కిందట ఊరికే క్లినిక్‌కి వెళ్తే, మా ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆ కెమెరా తిప్పాడు. తెరమీద నా పళ్లు గాల్లో తేలుతూ గుండ్రంగా తిరిగాయి. నా కోరపన్ను అంత దర్జాగా కూర్చుందని నాకే తెలీదు. కడుపుబ్బ నవ్వాను. ఆ నవ్వును ఆయన ఫోటో తీసుకున్నాడు. కొత్త మొగుడు ఫోటో తీసుకుంటానంటే ఎందుకని ఎవరడుగుతారు?

మొన్న ఆయన మధ్యాహ్నం భోజనం డబ్బా మర్చిపోయాడు. వంక దొరికిందని నేనే తీసుకెళ్లాను. క్లినిక్ కళ్లజోళ్ల షాపు పైన ఉంటుంది. కొత్త చెప్పులు మెట్ల మీద కిచకిచమంటుంటే, ఆ చప్పుడుకు నాలో నేను నవ్వుకుంటూ ఎక్కాను. ముందు గదిలో ఒకావిడ, నోటికి చెయ్యడ్డం పెట్టుకున్న కూతురితో కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ గోడమీది టీవీ చూస్తున్నారు. నేనూ చూశాను.

టీవీలో నేనే ఉన్నాను. ఎడమవైపు నా నవ్వు, నా కోరపన్ను, కింద 'ముందు' అని అక్షరాలు. కుడివైపు అదే ముఖం, అదే జడ, అవే జుంకాలు. పళ్లు మాత్రం పలకమీద గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. దాని కింద 'తర్వాత'. ఆ నవ్వు నేనెప్పుడూ నవ్వలేదు.

ఆ పిల్ల టీవీని చూసి, నన్ను చూసి, మళ్లీ టీవీని చూసింది.

"ఆ అక్క మీరే కదా? మరి మీ పన్ను ఇంకా అలాగే ఉందేంటి?"

రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ మోగకుండానే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. పిల్ల తల్లి నా నోటివైపు వంగి మరీ చూసింది. వైద్యం అయిపోయాక మళ్లీ ఎక్కేసిందా అమ్మా అని జాలిగా అడిగింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"ఇంకా ఏ వైద్యమూ జరగలేదండి. అది కంప్యూటర్ వేసిన బొమ్మ," అన్నాను.

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని లేచి, కింద పనుందని చెప్పి మెట్లు దిగిపోయింది.

లోపలికి వెళ్లేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. టీవీ చూశావా అన్నాడు. అంతటితో ఆగలేదు. బల్ల సొరుగులోంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. దానిమీద నా పేరు అచ్చేసి ఉంది. లోపల నా తొడుగులు. నాకు తెలియకుండా నా పళ్లు ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేశాయి.

"నన్నడిగావా?" అన్నాను.

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా. అయినా డాక్టరు పెళ్లానికే పన్ను మీద పన్నుంటే, వచ్చేవాళ్లు ఏమనుకుంటారు చెప్పు?"

పళ్లు నూరితే అరిగిపోతాయని ఈయనే నాకు చెప్పాడు. అయినా నూరాను. మరి కోరపిల్లా అని పిలిచిందెవరు? పిలిచినన్నాళ్లూ ఎటు జరపాలా అని కొలతలు తీసుకుంటున్నాడా?

గొడవ వినిపించి మామయ్య లోపలి గదిలోంచి వచ్చారు. అమ్మయ్య, నావైపు ఒక మనిషి వచ్చాడనుకున్నాను. ఆయన డబ్బా చూశారు, కంప్యూటర్ తెరమీద నా పళ్ల బొమ్మ చూశారు, చొక్కా జేబులోంచి చిన్న టార్చి తీశారు.

"ఏదీ, నోరు తెరు తల్లీ."

అంత మంచిగా అడిగితే తెరిచేశాను. ఆయన చేతులు కడుక్కొచ్చి, కోరపంటి మీద వేలుంచి అటూ ఇటూ నొక్కి చూశారు. ఈ ప్లాస్టిక్ ముక్కలకు ఇది దిగదన్నారు. దిగడానికి అసలు చోటేదీ, ముందు చెరోవైపు ఒకటి తీయాల్సిందేనన్నారు. తీయక్కర్లేదు, పక్క పళ్ల అంచులు కాస్త అరగదీస్తే చోటదే వస్తుందని మా ఆయన అన్నాడు. మంచి పళ్లను ఆకురాయి పెట్టి రుద్దుతావా అని మామయ్య. మంచి పళ్లను పీకి పారేయడం కన్నా నయమేగా అని ఈయన. ఒకరు టార్చితో, ఒకరు పెన్నుతో తెరమీద నా దవడను చూపించుకుంటూ గొంతులు పెంచారు. నేను నోరు మూసుకున్నాను. ఇద్దరూ గమనించలేదు.

ఇన్నాళ్లూ సరదాగా చూసిన సర్కస్‌లో జంతువును నేనేనని అప్పుడు అర్థమైంది.

"ఎలా సరిచేయాలో తర్వాత తేల్చుకోండి. అసలు సరిచేయమని ఎవరన్నారు?" అని చెప్పి తొడుగుల డబ్బా అక్కడే వదిలి వచ్చేశాను. భోజనం డబ్బా మాత్రం నాతోనే వెనక్కి తెచ్చేశాను.

ఇంట్లో అత్తయ్య ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. నేను ఏడుస్తూ, మధ్యమధ్య తిడుతూ జరిగింది చెప్పాను. తిట్లలో ఆవిడ కొడుకుతో పాటు మొగుడూ ఉన్నాడని చెప్పేశాక గుర్తొచ్చింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. మడత పెడుతూనే చెప్పారు.

అత్తయ్య నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. అది పెద్దవాళ్ల పద్ధతేమో అనుకున్నాను నేను. కాదట. పెళ్లయిన కొత్తలో ఆవిడకూ ముందు పళ్లు కాస్త ఎత్తుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవట. అప్పటికి కొత్త డాక్టరైన మామయ్యకు చూపించుకోడానికి ఒక కేసు కావాలి. నాలుగు గట్టి పళ్లు పీకి, పట్టీలు తొడిగి, తీగ బిగించారు. వరస తిన్నగా వచ్చింది. పెదాలు మాత్రం లోపలికి పోయాయి. అద్దంలో చూసుకుంటే వాళ్లమ్మ ముసలితనంలో ఎలా ఉందో అలా కనిపించిందట. మామయ్య ఆ ముఖాన్ని బొమ్మలుగా తీయించి, డాక్టర్లు కూడిన హాళ్లలో తెరమీద వేసి చూపించేవారట. అందరూ చప్పట్లు కొట్టేవారట. చాలా ఏళ్ల తర్వాత ఏదో సదస్సు నుంచి తిరిగొచ్చి, ఇప్పుడు అంత తొందరగా పీకొద్దంటున్నారు, పద్ధతి మారిందని అన్నం తింటూ చెప్పారట.

"పద్ధతి మారింది. నా పళ్లు తిరిగి రాలేదు," అన్నారు అత్తయ్య.

ఇప్పటికీ కోపముందా అని అడిగాను.

"ఉంటే మొలుస్తాయా? ఆయనదేమో పట్టకారు, వీడిదేమో కంప్యూటరు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి." దుప్పటిని బల్లమీద కొట్టినట్టుగా పెట్టారు. "నువ్వు మాత్రం ఊరుకోకు. నేను ఊరుకున్నాను."

సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ ఒకేసారి వచ్చారు. మా ఆయన చేతిలో తొడుగుల డబ్బా ఉంది. టీవీలోంచి బొమ్మ తీయించేశానన్నాడు. ఆ పిల్ల తల్లికి చెప్పావా అని అడిగాను. ఏం చెప్పాలని నసిగాడు. అది జరిగిన వైద్యం కాదని, నువ్వే చెప్పాలన్నాను. క్లినిక్ పరువు అంటూ మొదలుపెట్టాడు గాని, వాళ్లమ్మ ముఖం చూసి ఆపేశాడు. నంబరు వెతికి, మా ముందే ఫోన్ చేసి, ఆ బొమ్మ నిజం కాదండీ, అలా పెట్టడం తప్పేనని చెప్పాడు. అవతలావిడ ఏమందో గాని, ఈయన చెవులు ఎర్రబడ్డాయి. చూస్తే పాపమనిపించింది. పాపమనిపించినందుకు నామీద నాకే కోపమొచ్చింది.

ఫోన్ పెట్టేసి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సరే, ఇప్పుడు అడుగుతున్నా. నీకా పన్ను మార్చుకోవాలనుందా?"

"ఇప్పుడు కోపంగా ఉన్నాను. ఇప్పుడడిగితే నోట్లో ఏ పంటి గురించైనా వద్దనే అంటాను," అన్నాను. "కోపం తగ్గాక ఆలోచిస్తాను. ఎప్పుడు తగ్గుతుందో తెలీదు. అప్పటిదాకా ఆ డబ్బా నా కంటికి కనబడకూడదు."

ఆయన తలూపాడు.

మామయ్య అప్పటిదాకా నిలబడే ఉన్నారు. అత్తయ్య వైపు తిరిగి, అప్పట్లో అందరూ చేసింది అదేనని మెల్లగా అన్నారు. పద్ధతి గురించి నేనడగలేదని ఆవిడ అన్నారు. తీగను ఎటంటే అటు వంచిన మనిషికి తప్పయిందనే ఆ ఒక్క మాటా వంగలేదు.

"నిన్ను అడగాల్సింది," అన్నారు చివరికి.

"అడిగుంటే వద్దనేదాన్ని," అన్నారు అత్తయ్య.

"తెలుసు. అందుకే అడగలేదు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన చేతిలోని డబ్బా వైపు చూస్తున్నాడు.