ఆయిల్ దీపం వెలగని రోజు

వరహాలమ్మకు కారంటేనే భయం. అందులోనూ డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపమంటే హడలు. ఇంజిన్లో ఆయిల్ అడుగంటితే అది వెలుగుతుందని మొగుడు రమణమూర్తి ఏ ముహూర్తాన చెప్పాడో గానీ, ఆనాటినుంచి ఆవిడ దారి చూడటం మానేసి దాన్నే చూసేది. పాడు దీపం ఆయిల్ నిండుగా ఉన్నా మినుకుమనేది. ఆవిడ ప్రతిసారీ కారు ఆపించేది. దిగి ఆయిల్ కొలిచే గేజి పుల్ల తీసి చూసి, అంతా బాగానే ఉందని మళ్లీ ఎక్కలేక రమణమూర్తికి విసుగెత్తిపోయింది.

"దీపం స్విచ్చి పాడయ్యింది. నీ పిరికి పేణం కోసం కొత్తది ఏసేస్తాన్లే," అన్నాడు.

రమణమూర్తి లమ్తపుట్ ఊరికి అవతల, కొండల్లోని ప్రాజెక్టు కాలనీలో పైపు ఫిట్టరు. పైపుకి మరచుట్లు కనబడితే చాలు, నీరు కారకుండా నూలు చుట్టి తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగించడం ఆయనకు అన్నం కలుపుకున్నంత అలవాటు. ఇంజిను పక్కనుండే బొటనవేలంత కొత్త ఆయిల్ స్విచ్చి మరకీ అలాగే మందంగా చుట్టి బిగించాడు. దీపం మళ్లీ వెలగలేదు. నాలుగు రోజులపాటు పెళ్లాన్ని ఆట పట్టించాడు.

ఇంతలో పురిటికొచ్చిన కూతురు పద్మకుమారికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే జయపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ కాలనీ నర్సు చెప్పింది. పురిటి సామాను బుట్టలో సర్దుకుని, కూతురి తల ఒళ్లో పెట్టుకుని వరహాలమ్మ వెనక సీట్లో కూర్చుంది.

మొగుడు తాళం తిప్పగానే అలవాటు కొద్దీ ముందుకు వంగి చూసింది. ఇంతకుముందు తాళం తిప్పితే దీపం వెలిగేది, ఇంజిను అందుకోగానే ఆరిపోయేది. ఈసారి అసలు వెలగనే లేదు. చెబుదామనుకుంది. మళ్లీ నవ్వుతాడని నోరు మూసుకుంది.

ఘాటీ రోడ్డు మలుపుల్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. పద్మకుమారి పళ్లు బిగబట్టి తల్లి చెయ్యి నలిపేస్తోంది. వరహాలమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఏటండి, మరేటో అనుకోకండి. తాళం తిప్పినప్పుడు కూడా దీపం ఎలగనేదు."

"ఎలగకపోతే మంచిదే కదే," అన్నాడు రమణమూర్తి. అన్నాక, తాళం తిప్పినప్పుడు అది వెలిగి తీరాలని తట్టింది. కారు పక్కకు తీసి, ఇంజిను ఆపి, తాళం మళ్లీ తిప్పి చూశాడు. దీపం వెలగలేదు.

బానెట్టు ఎత్తితే ఇంజిను పక్కంతా ఆయిల్ కారి ఉంది. గేజి పుల్ల కొనకు చెమ్మ మాత్రమే అంటింది.

"ఇనుం ఇనుంకి తగిల్తేనే దీపానికి కరెంటు. నేను మద్దిని నూలు సుట్టేను. మర కూడా సరిగ్గా దిగక కారిపోనాది," అన్నాడు. కాలే ఇంజిన్లో చెయ్యి పెట్టి స్విచ్చి ఊడదీశాడు, నూలంతా పీకి గట్టిగా బిగించాడు. వేళ్లు బొబ్బలెక్కాయి.

కానీ పొయ్యడానికి ఆయిల్ లేదు. రోడ్డు మీద నరమానవుడు లేడు. "అమ్మా, నావల్ల కాదే," అంది పద్మకుమారి. తల్లీబిడ్డా ఈ అడవిలోనే పోతారనుకుంది వరహాలమ్మ. అప్పుడు కాలికి బుట్ట తగిలింది. అందులో పురిటికని తను స్వయంగా వండిన ఆముదం పెద్ద డబ్బా నిండా ఉంది.

"ఇది పనికొస్తాదేటండి?"

రమణమూర్తి డబ్బా వంకా, కూతురి వంకా చూశాడు. "ఆముదం బేగి మాడదు. ఊరు సేరిస్తే అదే సాలు. బిడ్డ మాడుకి కొంచెం ఉంచుకో," అన్నాడు. అడుగున ఇంత మిగిల్చి తక్కినదంతా పోసేశాడు.

తాళం తిప్పాడు. ఎర్రగా వెలిగింది. ఏడాదిగా ఏ దీపాన్ని చూసి వణికిందో దానికే వరహాలమ్మ దండం పెట్టింది. ఇంజిను అందుకుంది. దీపం ఆరలేదు. ఒకసారి రెపరెపలాడి, ఆరిపోయింది.

ఆసుపత్రిలో తల్లీబిడ్డా గట్టెక్కారు. ఆ సాయంత్రం వరండాలో మనవరాలి మాడుకు రాయగా మిగిలిన ఆముదం మొగుడి బొబ్బలకు రాసింది.

"ఇకమీద భయమేస్తే అప్పుడే సెప్పీయే. నేను నవ్వను," అన్నాడు రమణమూర్తి, తల దించుకుని.

"నవ్వినా సెప్తాను," అంది వరహాలమ్మ.