పడవ సందుల్లో వెలుతురు

కాలవలు కట్టేసిన ఆ వేసవి అంతా అంతోని పడవ గట్టున దుంగల మీదే ఎండింది. ఒకనాడు మంచినీళ్ళ కుండను దాని కింద నీడకు పెట్టబోయి, వంగి పైకి చూసిన అతని తల్లి అమలమ్మకు చెక్కల సందుల్లోంచి ఆకాశం కనిపించింది. అప్పటినుంచి ఆమెకు అన్నం సహించలేదు. లాకులెత్తి నీళ్ళు వదలగానే ఆ పడవలోనే కదా కూతురు తెరేసమ్మ, పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని చల్లపల్లి అవతలున్న అత్తవారింటికి వెళ్ళాలి!

"ఒరే అంతోనీ, ఆ సందులు మూసెయ్యరా."

"ఎండకి చెక్క చిక్కుద్దమ్మా. నీళ్ళు తగిల్తే మళ్ళీ ఉబ్బుద్ది. ఏటా ఉన్నదేగా?"

"ఏటా పసిబిడ్డ ఎక్కుద్దా అందులో?"

వెళ్ళొస్తానని చెప్పి ఈ రేవులో పడవెక్కిన మొగుడు తిరిగి రాలేదు. పెద్దకూతురూ రాలేదు. వాళ్ళను తీసుకుపోయింది నీళ్ళు కాదు, జబ్బులే. అయినా ఎవరు పడవెక్కినా, కనుమరుగయ్యేదాకా ఆమె రేవు వదిలేది కాదు.

తల్లి పోరు పడలేక, అంతోని పొయ్యికని తెచ్చిన ఎండు మామిడి చెక్కను సన్నటి పేళ్ళుగా చీల్చి, టేకు చెక్కల సందుల్లో సుత్తితో బిగ్గొట్టాడు. వెలుతురు కనిపించడం మానేసింది. ఆ పూట అమలమ్మ కడుపునిండా తింది.

జూన్‌లో కాలవకు నీళ్ళొచ్చాయి. ఆ ఆదివారమే అత్తవారి ఊళ్ళో బిడ్డకు జ్ఞానస్నానం. అల్లుడు చుట్టాలందరికీ చెప్పేశాడు. ఏటా చేసినట్టే అంతోని పడవను రేవులో ముంచి, ఇసుక బస్తాలెత్తి నాననిచ్చాడు. మర్నాడు పైకి తేల్చి నీళ్ళు తోడుతుంటే, తోడినకొద్దీ ఊరుతున్నాయి. అడుగున ఒక చెక్క మేకులు పీక్కుని పైకి లేచి ఉంది.

పక్క రేవులో పడవలు కట్టే బాలశౌరి, అమలమ్మ తమ్ముడు, వచ్చి చూశాడు.

"ఈ ముచ్చట ఎవరిదే అక్కా?"

అంతోని నేల చూపులు చూశాడు. "నేనే కొట్టించాను," అంది అమలమ్మ.

"టేకు నీళ్ళు కొంచెమే తాగుద్ది, కొంచెమే ఉబ్బుద్ది. మామిడి అట్టా కాదు, ఆవురావురుమంటా తాగుద్ది. ఎండినప్పుడు చోటు లేకుండా బిగ్గొడితే అదెటు పోద్ది? పక్కదాన్ని నెట్టుద్ది. వీడికి పెళ్ళి కాలేదు కాబట్టి సరిపోయింది గానీ, కోడలొస్తే ఇంట్లో కూడా ఇదే వరస!"

తెరేసమ్మ బిడ్డను భుజాన వేసుకుని నవ్వింది. "నన్ను ఆపడానికే చేయించావంటాడమ్మా మీ అల్లుడు."

అమలమ్మ నవ్వలేకపోయింది. అందుకేనేమోనని ఆమెకే అనుమానమేసింది. నానబెట్టకుండా బయల్దేరి ఉంటే ఆ చెక్క నడికాలవలో లేచేది. ఆ తలపుకే మెట్ల మీద కూలబడి మరియమ్మ తల్లిని తలుచుకుంది.

బాలశౌరి పేళ్ళన్నీ ఊడబెరికి, చెక్కను మళ్ళీ మేకులతో దిగ్గొట్టి, సందుల్లో నూనె, గుగ్గిలం పట్టించిన నారను వదులుగా పెట్టాడు. వదులుగానా? అమలమ్మ వేళ్ళు దాన్ని ఇంకాస్త కుక్కబోయాయి. "చెయ్యి తీయక్కా," అన్నాడు తమ్ముడు. పడవను మళ్ళీ ముంచారు. ఏదో ఒక నెపంతో ఆమె రేవుకు తిరుగుతూనే ఉంది.

శనివారం పొద్దున పడవను తేల్చారు. అడుగు చెక్కలు అతుక్కుపోయాయి. ఒక్క సందులో మాత్రం సన్నగా తడి చెమర్చింది.

"ఇంకాసేపటికి అదీ కలుసుద్ది," అన్నాడు అంతోని.

అమలమ్మ చేతిలో పాతగుడ్డ ఉంది. నోట్లో 'రేపెళ్దురుగాని' అనే మాట ఉంది. రేపంటే ఆదివారం. గుడ్డను నడుమున దోపుకుంది. కూతురి పక్కన రేకు డబ్బా పెట్టి, "నీళ్ళు ఊరితే తోడు. అందులో ఏమీ కుక్కమాక," అంది.

"వెళ్ళొస్తానమ్మా!"

మొగుడూ ఆ మాటే చెప్పి వెళ్ళాడు. అయినా అమలమ్మ కూతుర్ని వెనక్కి పిలవలేదు. అంతోని గెడ వేశాడు. పడవ వంపు దగ్గరికి చేరేదాకా ఆమె కళ్ళు దాని అంచునే కొలుస్తున్నాయి, కుంగిందా, లేదా?

వంపు తిరగబోతూ తెరేసమ్మ ఒక చేత్తో బిడ్డను పొదివి పట్టుకుని, రెండో చేత్తో డబ్బాను పైకెత్తింది. అందరికీ కనిపించేలా బోర్లించింది.

ఒక్క చుక్కా రాలలేదు.