మీటరక్క జవాబులు

"ఇక ఆ బొమ్మల గోల తీరినట్టే కదా," అన్నాడు భర్త, ఆమె మడతపెడుతున్న బట్టల్లోంచి తన చొక్కా ఒక్కటే ఏరుకుంటూ.

ఆమె మిగతా బట్టలు మడతపెట్టుకుంటూ పోయింది. ఆమెకు జవాబు ఎప్పుడూ మరునాడే తట్టేది, అంట్లు తోముతున్నప్పుడో, బడిలో నోటుపుస్తకాలు దిద్దుతున్నప్పుడో. పెళ్ళయిన కొత్తలో అత్తగారు "టీచరువి కదా, ఇంట్లో కూడా గంట కొడితేగానీ లేవవా?" అన్న మాటకు సరైన జవాబు మూడేళ్ళ తర్వాత తట్టింది. అప్పటికి అత్తగారు లేరు. బడిలో హెడ్మాస్టరు, "మీరు బొమ్మలు గీస్తారటగా, గోడపత్రిక చూసుకోండి, మీకూ కాలక్షేపం" అన్నప్పుడూ అంతే. ఆ కాలక్షేపం పదకొండేళ్ళుగా ఆమె సెలవు ఉదయాలన్నీ తింటోంది.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆమె విషయంలో ఆ సగమే మొత్తం కంటే నయమైంది. ఆ పిల్ల మొగుణ్ణి వదిలి వచ్చి, అన్నగారి మేడమీద గదిలో దిగి, ఆర్నెల్లు తిరక్కుండా టాక్సీ నడపడం మొదలుపెట్టింది. అన్నగారు బయటివాళ్ళతో "మా చెల్లెలు ట్రావెల్స్ ఆఫీసులో చేస్తోంది" అని చెప్పుకునేవాడు. ఆ పిల్ల మాత్రం రోజూ బండి దిగి వచ్చి, వంటింటి గట్టెక్కి కూర్చుని, "వదినా, ఇవాళ ఏం జరిగిందో తెలుసా?" అని మొదలుపెట్టేది. ఒకాయన టాక్సీ చుట్టూ రెండుసార్లు తిరిగి, "డ్రైవరెప్పుడొస్తాడమ్మా?" అన్నాడట. "వచ్చి కూర్చున్నాడండీ, తమరే ఎక్కాలి" అందట. ఇంకొకాయన, "రివర్సు చేయడం వచ్చా నీకు?" అన్నాడట. "రాదండీ. వచ్చుంటే మా ఆయన దగ్గరికే వెళ్ళిపోయేదాన్ని" అందట. వదిన గరిటె చేత్తో పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వేది. సెలవురోజు మధ్యాహ్నం ఆ ముచ్చటనే నాలుగు గళ్ళలో బొమ్మలుగా గీసేది. ఆదివారం పత్రికలో 'మీటరక్క' బొమ్మలకథ అలా పుట్టి మూడేళ్ళు నడిచింది.

రెండు నెలల క్రితం ఆ పిల్ల జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, తన బండి తనే నడుపుకుంటూ. మనిషి తిరిగి రాలేదు. బండిని టాక్సీ స్టాండులో ఆ పిల్లతోపాటు బళ్ళు నడిపే ఆడవాళ్ళు తెచ్చి ఇంటిముందు పెట్టి, తాళంచెవి వదిన చేతికిచ్చి వెళ్ళారు.

పత్రికవాళ్ళు మర్యాదగానే చెప్పారు. బుధవారంలోగా బొమ్మ రాకపోతే ఆ చోట ఇక గళ్ళనుడికట్టు వేస్తామన్నారు. ఆమె కాగితం ముందు కూర్చుంది, లేచింది. మళ్ళీ కూర్చుంది. చెప్పే మనిషే లేనప్పుడు గీసేదేముంటుంది? సొంతంగా కల్పిద్దామంటే, వేళకు జవాబు చెప్పడమన్నది ఆమె ఎరగని విద్య. మీటరక్క కూడా పోతే ఆ పిల్ల రెండోసారి పోయినట్టేనని మాత్రం తెలుసు.

మంగళవారం సాయంత్రం బడి వదిలేసరికి గేటు దగ్గర ఒక టాక్సీ ఆగి ఉంది. నడిపేది స్టాండులో అందరికంటే పెద్దావిడ. పిలవడానికి పేరు బదులు హారన్ కొడుతుందని ఆవిణ్ణి హారనక్క అంటారు.

"ఎక్కండి టీచరమ్మా. వెనక్కెందుకు, ముందుకు రండి. ఇవాళ మీరు బేరం కాదు."

నాలుగు వీధులు దాటించాక హారనక్క అడిగింది.

"పేపర్లో మన బొమ్మ రావట్లేదేం?"

"కబుర్లు చెప్పే మనిషి లేదుగా."

"కబుర్లకేం కరువు? రోజుకు పది. జవాబులే, పట్టుకెళ్ళేవాళ్ళు లేక స్టాండులో పడున్నాయి."

"జవాబులేంటి?"

హారనక్క బండి పక్కకు తీసి ఆపింది. "అంటే, ఆ పిల్ల మీకు చెప్పనే లేదా? నా నోట్లో నువ్వుగింజ నానదు, ఏం చెయ్యను."

కాసేపు నసిగి చెప్పింది. డ్రైవరెప్పుడొస్తాడన్న ఆయన, డ్రైవరు నేనేనండీ అనగానే తలుపు విసిరికొట్టి వేరే బండెక్కాడు. రివర్సు అడిగినవాడు దారంతా నానామాటలూ అని, దిగాక కూడా అన్నాడు. ఆ పిల్ల ఒక్కరికీ ఒక్క జవాబు చెప్పలేదు. స్టాండుకొచ్చి టీ గ్లాసు చల్లారేదాకా పట్టుకుని కూర్చునేది. తర్వాత తలెత్తి, "దీనికి ఏమనుంటే బాగుండేదే? మా వదినకు చెప్పాలి. ఊరికే మాటలు పడి వచ్చానంటే అన్నం తినదు" అనేది. అందరూ చేరి తలా ఒకటి చెప్పేవారు. వాటిలో బాగున్నది ఇంటికి వెళ్ళేది.

"రివర్సుది నాదే," అంది హారనక్క కొంచెం గర్వంగా. "పేపర్లో అది చదివి మా ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఎంత ప్రశాంతంగా గడిచిందనుకున్నారు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అబద్ధాలాడిన పిల్లల్ని బడిలో ఎన్నోసార్లు నిలబెట్టింది కానీ, ఈ అబద్ధం ముందు తనే లేచి నిలబడాలనిపించింది. ఆ పిల్లకూ జవాబు ఆలస్యంగానే తట్టేదన్నమాట. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తనకు, ఒక మనిషి మూడేళ్ళపాటు రోజూ బయట చేదు మింగి వచ్చి, అందులో చేదంతా తీసేసి వేడివేడిగా వడ్డించింది. ఆ వంటలో ఒక స్టాండుకు స్టాండే చెయ్యి వేసింది. తను తిని, బాగుందనైనా అందో లేదో గుర్తు లేదు.

"ఇవాళ మిమ్మల్నెవరేమన్నారు?" అని అడిగింది.

"ఒకావిడ. ఆడదాని బండా అని దిగబోయి, వానొస్తోందని ఊరుకుంది. ఇంటి దగ్గర దిగి, 'పర్లేదే, ప్రాణాలతో చేర్చావు' అంది. నాకు నోరు పెగల్లేదు టీచరమ్మా."

ఆమె అద్దంలోంచి రోడ్డు వంక చూసింది. "'పొరపాటైందండీ, మళ్ళీ ఎక్కండి, ఈసారి చూస్తాను' అనాల్సింది."

హారనక్క నవ్వలేక హారన్ మీద వాలిపోయింది. పక్కనుంచి వెళ్తున్న రెండు బళ్ళు ఉలిక్కిపడి దూరంగా తప్పుకున్నాయి.

"ఇంటికేనా?" అంది చివరికి.

"స్టాండుకి పోనివ్వండి. మిగతావి కూడా వింటాను."

దారిలో ఫోన్ మోగింది. భర్త. "ఎక్కడున్నావ్? ఇంకా వంట కాలేదు."

"పనిలో ఉన్నానండీ. మంగళవారాలు ఇక ఆలస్యమే. బియ్యం గట్టు కింద డబ్బాలో ఉంటాయి."

అటునుంచి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"నీళ్ళెన్ని పోయాలి?" అన్నాడు.