ఒప్పుకునేదాకా

ఉల్రికాకు పదేళ్ళప్పుడు, పక్కవాళ్ళ గడ్డివామి తగలబెట్టాడని వాళ్ళ నాన్నను స్మోలాండ్ కోర్టుకు ఈడ్చారు. చూసిన సాక్షి ఒక్కడే. ప్లీడరు ఎల్వ్‌స్ట్రాండ్ ఆయన భుజం మీద చెయ్యేసి, "నోరు మెదపకు. నువ్వు ఒప్పుకోనంత కాలం, రెండో సాక్షి దొరకనంత కాలం నిన్నెవడూ ఏమీ చెయ్యలేడు" అన్నాడు. నాన్న ఇంటికొచ్చాడు. అమ్మ ప్లీడరుకు పొగబెట్టిన గొర్రె తొడ పంపింది.

అలా తెచ్చుకున్న పేరుతోనే ఎల్వ్‌స్ట్రాండ్ దేశ సభకు ఎన్నికయ్యాడు. హత్యలాంటి పెద్ద నేరం ఒప్పుకోనివాళ్ళను ఒప్పుకునేదాకా జైల్లో ఉంచే పద్ధతి దుర్మార్గమని అక్కడ కొందరంటే, గంటసేపు మాట్లాడి దాన్ని నిలబెట్టాడు. "నాలుక ఎన్నాళ్ళు మొండికేస్తుందిలే!" అన్నాడట. సభ పగలబడి నవ్వింది. తర్వాత జడ్జీ కుర్చీ దానంతటదే వచ్చింది.

ఆ కుర్చీ ముందుకే ఉల్రికాను తెచ్చారు. ఆమె మొగుడు ఎలుకల మందు కలిసిన జావ తాగి పోయాడు. కలిపింది ఆమె కాదు.

"ఒప్పుకుంటావా?"

"నేను చెయ్యలేదు దొరగారూ. ఒప్పుకోకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరని మా నాన్నకు మీరే కదా చెప్పారు!"

కోర్టంతా గొల్లున నవ్వింది. ఎల్వ్‌స్ట్రాండ్ కూడా నవ్వాడు.

"నిజమే, చెప్పాను. ఒప్పుకుంటే తల తీయిస్తాను, లేకపోతే తీయలేను. శిక్ష కూడా వెయ్యను. గుర్తొచ్చేదాకా లోపల కూర్చో."

తొమ్మిదేళ్ళు కూర్చుంది. ఉన్ని వడికింది. పళ్ళు ఊడాయి. శిక్ష పడ్డ దొంగలు గడువు తీరి వెళ్ళిపోతుంటే చూసి కుళ్ళుకునేది. ఆమెకు గడువే లేదు.

తొమ్మిదో ఏట ఆమె మరిది, మందు కలిపింది తనేనని పాస్టరు చెవిలో చెప్పి కన్నుమూశాడు. పాస్టరు జడ్జీని వెంటబెట్టుకుని పరుగున జైలుకొచ్చాడు. కబురు ముందే అందడంతో ఉల్రికా బట్టలు మూట కట్టుకుని కూర్చుంది.

"విన్నది పాస్టరుగారొక్కరే," అన్నాడు ఎల్వ్‌స్ట్రాండ్. "ఒక్క సాక్షి చాలడమ్మా. మీ నాన్న గట్టెక్కింది దీనివల్లే, మర్చిపోయావా?"

"అయితే ఇంకెన్నాళ్ళు దొరగారూ?"

"అది నీ ఇష్టం."

ఉల్రికా మూట వంక చూసింది. ఆయన మీద పట్టరాని అసహ్యం వేసింది, కానీ అరిచే ఓపిక లేదు. మూట మెల్లగా పక్కకు జరిపింది.

"రాసుకోండి. నేనే చంపాను."

"అబద్ధం! విసిగిపోయి చెబుతోంది!" అని పాస్టరు అరిచాడు.

ఎల్వ్‌స్ట్రాండ్ అప్పటికే కలం సిరాలో ముంచాడు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఈ తొమ్మిదేళ్ళూ తప్పేవి కదా తల్లీ," అన్నాడు.