నా ఏడుపు నాకిచ్చేయ్

శుక్రవారం పొద్దున్నే బూరుల్ నూనె కాచి బోర్సోకులు, అంటే పొంగే పిండిముక్కలు, వేయించింది. పోయినవాళ్ళకు వాసనే భోజనం. కిర్గిజ్ దేశపు బిష్కెక్‌లో అమ్మను పోగొట్టుకున్న ఏ ఇంట్లోనైనా శుక్రవారం ఆ కమ్మటి పొగ లేవాల్సిందే. తొమ్మిది నెలలుగా ఆ పొగలో అమ్మ గొంతు వినిపించేది. బూరుల్ పొయ్యి దగ్గరే కూలబడి కరువుతీరా ఏడ్చేది. ఈ శుక్రవారం అమ్మ రాలేదు, కన్ను చెమ్మగిల్లలేదు. పైగా పెదవుల మీదికి ఓ వెర్రినవ్వు వచ్చింది!

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది ఎవడి పనో తెలియదా? ఎన్నెల్పీ అనే విద్యతో మనసులు బాగుచేస్తానని హాలు అద్దెకు తీసుకున్న ఆ మహానుభావుడు ఎర్నిస్‌ది. ఆదివారం చెల్లెలి పోరు పడలేక వెళితే, వందమంది ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. అమ్మ చావును తలచుకోమన్నాడు. ఏడుపు ముంచుకొచ్చిన క్షణంలో ఎడమ మణికట్టు నొక్కాడు. దాన్ని లంగరు వేయడం అంటారట. పెళ్ళినాటి సంతోషాన్ని తలచుకోమని కుడి మణికట్టు నొక్కాడు. చివరికి రెండూ ఒక్కసారే నొక్కిపట్టాడు. దుఃఖం మాయం! జనం చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది, బుద్ధిలేనిది.

వేడి బోర్సోకులు గుడ్డలో మూటగట్టి సరాసరి ఆ హాలుకే పోయింది. క్లాసు మంచి జోరుమీద ఉంది.

"ఏమయ్యా, నా ఏడుపు నాకిచ్చేయ్!"

ఎర్నిస్ చిరునవ్వు నవ్వాడు. బూరుల్ నడుం మీద చేతులు పెడితే తనూ పెట్టాడు. ఆమె రొప్పితే తనూ రొప్పాడు. అద్దంలా అనుకరిస్తే ఎదుటి మనిషి మాలిమి అవుతుందని వాళ్ళ శాస్త్రం.

"కోతివేషాలు కట్టిపెట్టు! పళ్ళు రాలగొడతా."

"అక్కా, పోగొట్టుకున్నానని అనుకోకండి. ఆలోచన చట్రం మార్చి చూడండి. బరువు దిగిందనుకోండి."

"నీ చట్రం తగలెయ్య! బరువని నీకెవడు చెప్పాడు? మోసేది నేను. మా అమ్మ మిగిలింది ఆ ఏడుపులోనే!" అంటూ మూట విప్పి అతని ముక్కు కింద పెట్టింది. "మీ అమ్మ ఉందా?"

"లేదు," అన్నాడు ఎర్నిస్. నవ్వు కాస్త చెదిరింది.

"నిన్ను ఏమని పిలిచేది? నువ్వు చెప్పినట్టే చెయ్యి. ముఖం చూడు, గొంతు విను."

వాసన చుట్టుముట్టింది. ఎర్నిస్ మూట మీదికి వంగాడు.

"నా గొర్రెపిల్లా అని..." కళ్ళు నిండిపోయాయి.

బూరుల్ అతని ఎడమ మణికట్టు గట్టిగా నొక్కింది. "ఊఁ, ఇప్పుడా కుడిచెయ్యి ఇలా ఇయ్యి. నీ పెళ్ళి తలచుకో. ఒక్క నిమిషం చాలు, మీ అమ్మ పోతుంది."

ఎర్నిస్ చెయ్యి విదిలించుకుని, రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"వద్దక్కా. ఆమెను ఉండనీ."

"మరి మా అమ్మను ఎందుకు తీశావురా?"

అలా అరుస్తుండగానే బూరుల్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. అతను ఓ అడుగు ముందుకు వేశాడు. బూరుల్ మణికట్లు రెండూ చంకల్లో దాచుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, కరువుతీరా ఏడ్చింది.