నల్లరాయిలోని అతుకు

నేను ఒక నల్లరాయిని. క్వారీ పక్కన పనికిరాని రాళ్ళ దిబ్బలో రెండు ముక్కలుగా పడి ఉన్నాను. ఒకప్పుడు నిప్పుల ద్రవాన్నంటే, మన జిల్లాలో అగ్నిపర్వతమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే.

అగ్నిపర్వతం కింద మంటల చెరువు ఉంటుందనుకుంటారు. ఉండదు. సగం ద్రవం, సగం గట్టిపడిన పలుకులు, చల్లారబోయే జావలా ఉంటుంది. బరువైన పలుకులు అడుగుకు దిగుతాయి, తేలికైన ద్రవం పైకి దారి వెతుక్కుంటుంది. ఒకనాడు పైరాయి పగిలితే ఆ సందులోకి ఎగబాకాం. ముందు వెళ్ళినవాళ్ళు కొండనోటి నుంచి బయటపడి, ఎండకీ వానకీ అరిగి మట్టయిపోయారు. నేను సందులోనే ఇరుక్కుని చల్లబడ్డాను. పూర్తిగా బిగుసుకోకముందే కింద నుంచి మరో విడత వచ్చి నన్ను చీల్చి, ఆ చీలికలోనే గడ్డకట్టింది. నా రంగే, నా పలుకే. అతుకు పక్కన వెంట్రుకంత సందు మాత్రం మిగిలింది.

కోట్ల ఏళ్ళ తర్వాత నన్ను కోసి బయటికి తీశారు. రాళ్ళను పరీక్షించే మేస్త్రి వల్లెపు గురవయ్య. రాతి మీద బిందెడు నీళ్ళు పోసి, ఆరేదాకా గట్టున కూర్చుంటాడు. అంతా ఆరినా ఎక్కడైనా తడిగీత మిగిలితే అక్కడ పగులున్నట్టు. తర్వాత సుత్తితో కొట్టి, ఖంగుమంటుందా అని వింటాడు. రెండూ కుదిరితే రాయి మంచిదని ఎర్రరంగుతో గీత గీస్తాడు. ఆయన గీత తప్పిందన్న మాట నలభై ఏళ్ళలో లేదు. నీళ్ళు పోసే కోడలు అంకమ్మ కూడా పని బాగానే పట్టేసింది.

సోమవారం నుంచి రాళ్ళను పరీక్షించే మిషను వస్తుంది, ఇక ఇంటిపట్టున ఉండమని యజమాని ఆయనతో చెప్పేశాడు. శనివారం ఆయన చేతికొచ్చిన ఆఖరి రాయిని నేను. ఆ రోజు ఒకటే ముసురు. నా ఒళ్ళు ఆరలేదు. గురవయ్య తువ్వాలుతో తుడిచేశాడు.

"తుడిస్తే ఏం కనపడుద్ది మామా? రేపు ఆరినాక చూద్దాం," అంది అంకమ్మ.

"రేపు నన్నెవరు రానిస్తారమ్మే? ఇయ్యాల దీన్ని నేనే పంపాలి."

సుత్తితో కొట్టాడు. ఖంగుమన్నాను. అబద్ధమాడాలని కాదు, నా అతుకు అలా పలికింది. ఆయన ముఖం వెలిగిపోయింది. గీత గీశాడు. క్రేన్ నన్ను పైకెత్తింది. ఇనుప తాడు సరిచేద్దామని ఆయన కిందికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే అతుకు దగ్గర విడిపోయి ఆయన మీద పడ్డాను.

రెండో రోజు ఆ చావు మీద విచారణకు గనుల ఆఫీసరు వచ్చి, గీత గీసిందెవరని అందరి ముందూ అడిగాడు.

"ఇంకెవరండీ, ముసలాడే. చూపు ఆనక గీశాడని రాసుకోండి," అన్నాడు యజమాని.

అంకమ్మ ముందుకొచ్చింది. "మామ కాదండీ. ఆరిందాకా ఆగమన్నాడు. నేనే ఆగకుండా గీసినా."

నాకు నోరు లేనందుకు ఆ పూట ఏడ్చినంత పనయింది. ఆమెను పనిలోంచి తీసేశారు. ఇప్పుడు రోడ్డు పనిలో కంకర మోస్తోంది. క్వారీవాళ్ళు నా మీదే కూర్చుని బీడీలు కాలుస్తూ, గురవయ్య గీత ఒక్కటీ తప్పలేదని చెప్పుకుంటారు. అంకమ్మ ఎదురైతే మాత్రం, మామను చంపుకున్న మనిషని పక్కకు తప్పుకుంటారు.